మీకు ఎవరు కావాలి?

ఆ పెద్దాసుపత్రికి ఎప్పుడైనా ఫోను చేసినవాళ్ళకి ఆవిడ గొంతు తెలిసే ఉంటుంది. "నమస్కారం, ఆసుపత్రి. మీకు ఎవరు కావాలి?" అని ఎప్పుడూ ఒకే తీరుగా అడిగేది. గొంతు విని పడుచుపిల్ల అనుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మనిషిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ. టెలిఫోను గది ఆసుపత్రి వెనకవైపు, దుప్పట్లు ఉతికే గదికీ ఆక్సిజన్ సిలిండర్ల షెడ్డుకీ మధ్యన ఉండేది. ఒక కిటికీ, ఒక బల్ల, చెవులకు తగిలించుకునే ఫోను, గోడకో ఫ్యాను. నల్లటి జుట్టుతో ఆ గదిలోకి వెళ్ళిన మనిషి జుట్టు తెల్లబడేదాకా అక్కడే కూర్చుంది. అందరూ ఆపరేటరమ్మ అనేవారు. నేనూ అలాగే అంటాను.

నేను సాయంత్రాలు కంప్యూటర్ క్లాసులు జరిగే శిక్షణ కేంద్రంలో ల్యాబ్ అటెండర్ని. తలుపులు తీయడం, మెషీన్లు ఆన్ చేయడం, క్లాసయ్యాక అన్నీ ఆర్పి తాళం వేయడం నా పని. నడుముకు తాళాలగుత్తి వేలాడుతుంది కాబట్టి తాళాలాయన అంటారు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి అని కూడా అంటారు. కోపం ఎందుకు రాదు? కీబోర్డు మీద టీ ఒలకబోసి, "ఇది పనిచేయట్లేదేంటండీ" అని నా మీదే కళ్ళెర్రజేసేవాళ్ళని చూస్తే మీకూ వస్తుంది. మా ఆవిడ పోయాక నాకు ఇంటికెళ్ళే తొందర లేదు. ఇంటికన్నా ల్యాబులో ఫ్యాను బాగా తిరుగుతుంది.

ఆపరేటరమ్మ మా దగ్గరికి రావడానికి కారణం ఆసుపత్రివాళ్ళు. ఫోన్లు ఎత్తడానికి ఒక యంత్రం కొన్నారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే రకం. ఆవిణ్ణి పిలిచి, ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు పాసై సర్టిఫికెట్ తెస్తే కంప్యూటర్ విభాగంలో కుర్చీ వేస్తామన్నారు. తేకపోతే రిటైర్మెంటుకి ముందుగానే ఇంటికి పంపుతామన్నారు. మర్యాదగానే చెప్పారట. ఇంటికి పంపడమంటే ఆవిడకి ఏమిటో వాళ్ళకేం తెలుసు? ఆ ఇంట్లో అమ్మ ఉన్నన్నాళ్ళు ఇద్దరు, తర్వాత ఒక్కతే. పెళ్ళి చేసుకోలేదు. ఒక అన్నయ్య ఉన్నాడు, అదే ఊళ్ళో, షాపు పెట్టుకుని. ఇంట్లో ఫోనుంది గానీ మోగదు. రోజంతా ఊరందర్నీ ఒకరితో ఒకర్ని కలిపి, సాయంత్రం ఆ మోగని ఫోను పక్కన కూర్చుని అన్నం తినేది. ఉద్యోగం పోతే ఇక రోజంతా అదే. ఆవిడ భయం జీతం గురించి కాదు, ఆ నిశ్శబ్దం గురించి. ఈ సంగతి ఆవిడే తర్వాత నాతో చెప్పింది, అదీ నేను రెండుమూడుసార్లు అడిగితే.

మొదటిరోజు గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా?" అని నన్ను అడిగింది. ల్యాబులో కుర్రకారంతా అప్పటికే సీట్లు పట్టేశారు. మా ల్యాబులో మెషీన్లు జంటలుగా ఉంటాయి, ఒక్కో బల్లకి రెండేసి. ఆ బ్యాచ్‌లో ఒకరు ఎక్కువయ్యారు. చివరి బల్ల ఒక్కటే మిగిలింది. అందులో ఒక మెషీను బాగానే పనిచేస్తుంది, రెండోది చచ్చి చాలాకాలమైంది. "మరమ్మతులో ఉంది" అని దాని తెర మీద కాగితం అతికించింది నేనే. ఆ కాగితం కూడా పసుపురంగుకి తిరిగింది. ఆపరేటరమ్మ దాని పక్కన, అది ఎవరిదో సీటన్నట్టు, ఒద్దికగా కూర్చుంది.

మా సారు కుర్రాడు. కోపమంటే తెలియదు, ఆ కోటా కూడా దేవుడు నాకే ఇచ్చినట్టున్నాడు. ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రామ్ పనిచేయకపోతే వెంటనే ఆయన్ని పిలవకూడదు.

"ముందు మీ పక్కవాళ్ళకి చెప్పండి," అనేవాడు. "మొదటి లైను నుంచి చదువుతూ, ఏ లైను ఏం చేస్తుందో ఓపిగ్గా చెప్పండి. చెప్పడం పూర్తయ్యేలోపు తప్పు మీకే దొరుకుతుంది. దొరక్కపోతే అప్పుడు నన్ను పిలవండి."

ఇది నిజంగానే పనిచేస్తుంది. వాళ్ళకి తెలియదు గానీ గుమ్మం దగ్గర నిలబడి ఎన్ని బ్యాచ్‌లు చూశానో. పక్కవాడికి విసుగ్గా చెబుతూ చెబుతూ మధ్యలో "ఆఁ, దొరికింది" అని నాలిక్కరుచుకుంటారు. ఎర్రర్ల వేళకి ల్యాబంతా సంతలా ఉంటుంది, ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడదు.

మరి ఆపరేటరమ్మ ఎవరికి చెప్పాలి? మొదట్లో నోరు మూసుకుని తెర వైపు గుడ్లప్పగించి చూసేది. అడిగి ఎవరి పక్కకైనా వెళ్ళవచ్చు. అడగదు. నోట్లో నాలుక లేని మనిషి, ఫోను చెవికి తగిలిస్తే తప్ప. కొన్నాళ్ళకి ఒకరోజు చూద్దును కదా, చచ్చిన మెషీను వైపు కొద్దిగా తిరిగి, మెల్లగా చెబుతోంది.

"ఇక్కడ ఒక డబ్బా పెట్టానండీ. డబ్బా పేరు వయసు. అందులో యాభై ఆరు వేశాను. ఈ లైన్లో దాన్ని బయటికి తీసి చూపించమంటున్నాను..."

వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా అని సారు మొదటి వారం చెప్పాడు. ఆవిడ ఆ మాట పట్టుకుంది. ఆ మెషీనుకి 'అండీ' కూడా పెట్టి చెప్పేది. ముందు వరసలో కుర్రాళ్ళు మోచేతులతో పొడుచుకుని కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండి, "మీ ప్రోగ్రాములు చూసి ఆ మెషీను నవ్వకుండా ఉంటే చాలు" అన్నాను. నవ్వులు ఆగాయి. ఆవిడ కూడా ఆగిపోయింది. ఆరోజంతా మళ్ళీ నోరు విప్పలేదు. మేలు చేయబోయి నేనే చెడగొట్టాను.

మర్నాడు బల్లలు తుడుస్తూ ఆ చివరికి వెళ్ళి, "నాకు చెప్పండమ్మా, వింటాను" అన్నాను.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ. మీ పని మీకుంటుంది కదా."

"నా పనేముంది, తాళాలు మోయడం."

"పర్లేదండీ. దీనికి అలవాటైపోయింది," అంది, ఆ కాగితం అంటించిన తెర వైపు చూసి. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచి వచ్చేశాను.

ఇన్‌పుట్ పాఠం రోజు ఒక చిత్రం జరిగింది. ప్రోగ్రామ్ మనిషిని ఏదైనా అడిగి, జవాబు తీసుకుని డబ్బాలో వేసుకోవడాన్ని ఇన్‌పుట్ అంటారు. అందరివీ అయిపోయాయి. ఆవిడ తెర మాత్రం నల్లగా ఉంది. ఒక మూల తెల్లటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది, అంతే. ఎప్పటిలాగే పక్క మెషీనుకి అంతా చెప్పుకుంది, తప్పు దొరకలేదు. క్లాసు అయిపోవస్తుండగా చెయ్యెత్తింది.

"సార్, నాది ఆగిపోయింది. ఉలుకూ పలుకూ లేదు."

సారు వంగి చూశాడు. "ఆగిపోలేదండీ. మీరు టైపు చేస్తారని చూస్తోంది."

"నా కోసమా?"

"మీ కోసమే. ఇందాకటి నుంచీ."

ఆవిడ కాసేపు ఆ గీతనే చూసింది. "అయితే ఒక మాట అడగొచ్చు కదండీ, నాకెలా తెలుస్తుంది?"

"అడగమని మీరు రాయలేదుగా," అన్నాడు సారు నవ్వుతూ. "ఇక్కడ, ఈ బ్రాకెట్లో ప్రశ్న రాయాలి. మీరు ఖాళీగా వదిలేశారు. ప్రశ్న లేకపోయినా అది చూస్తూనే ఉంటుంది. కాకపోతే ఎదుటి మనిషికి అది తెలియదు. పాడైందనుకుని లేచి వెళ్ళిపోతారు."

ఆవిడ తలూపి ప్రశ్న రాసుకుంది. ఏం రాసిందో మీరే ఊహించగలరు. "మీకు ఎవరు కావాలి?" తెలుగు మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో.

లూప్ పాఠం అంతకన్నా ఘోరం. చెప్పిన పనినే మళ్ళీ మళ్ళీ చేయించడం లూప్. ఎక్కడ ఆపాలో కూడా మనమే చెప్పాలి. ఆపరేటరమ్మ మెషీను మీద హలో, హలో, హలో అని తెర నిండా పడి, కిందికి జారిపోతూ, మళ్ళీ పడుతూ ఉంది. ఎంతకీ ఆగదే. ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నేను పరుగున వెళ్ళి మెషీను ఆర్పబోయాను. సారు చెయ్యి అడ్డం పెట్టి రెండు కీలు కలిపి నొక్కి ఆపాడు.

"ఏం రాశారు, చెప్పండి."

"అవతలివాళ్ళు పలికేదాకా హలో అనమన్నాను సార్."

"సరిగ్గానే ఉంది. మరి వాళ్ళని పలకమని ఎక్కడ అడిగారు?"

"పైన. మొదట్లో ఒకసారి."

"అదీ తప్పు. లూప్ లోపల అడగాలి. హలో అన్న ప్రతిసారీ ఆగి, అవతలి మాట వినాలి. లేకపోతే ఇది హలో అంటూనే ఉంటుంది, వాళ్ళకి మాట్లాడే సందే ఉండదు."

అందరూ నవ్వారు. ఈసారి ఆవిడ కూడా నవ్వింది. నవ్వితే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. ముందుపళ్ళ మధ్య కాస్త సందుంది.

కోర్సు చివరికొచ్చింది. ఆఖరి పరీక్ష మా సారు పద్ధతిలోనే ఉంటుంది. ప్రశ్నపత్రాలేవీ ఉండవు. ఎవరి ప్రోగ్రామ్ వాళ్ళు రాసుకోవాలి. ఆదివారం పొద్దున, క్లాసుకీ కేంద్రానికీ సంబంధం లేని బయటి మనిషిని ఒకర్ని వెంటబెట్టుకు రావాలి. ఆ మనిషి మెషీను ముందు కూర్చుని ప్రోగ్రామ్ వాడాలి. రాసినవాళ్ళు వెనక గోడకి ఆనుకుని నిలబడాలి, నోరు మెదపకూడదు, సైగలు చేయకూడదు. "ప్రోగ్రామ్ మీ కోసం కాదు. మీరు పక్కన లేనప్పుడు కూడా ఇంకొకరికి పనికిరావాలి," అనేవాడు సారు. మనిషిని తేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే సర్టిఫికెట్ లేదు.

కుర్రాళ్ళకి అదో వేడుక. ఒకడు అమ్మని తెస్తానన్నాడు, ఇంకొకడు కాబోయే భార్యని. ఆపరేటరమ్మ అందరూ వెళ్ళేదాకా ఉండి సారు దగ్గరికి వెళ్ళింది.

"సార్, మనిషి లేకుండా ఏదైనా దారి..."

"ఎవరో ఒకరు ఉంటారు కదండీ. ఒక్కరు చాలు."

ఆవిడ తలూపింది. ఒక్కరే చాలన్న ఆ మాట ఎంత బరువుగా ఉందో ఆ వయసు కుర్రాడికి తెలియదు. నేను తలుపు దగ్గర తాళాలు గలగలలాడించి, "నేను కూర్చోనా సార్?" అన్నాను. మీరు కేంద్రం మనిషి కదా, కుదరదన్నాడు. రూలు రూలే. ఆ క్షణాన ఆ కుర్రాడి మీద నాకొచ్చిన కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

ప్రోగ్రామ్ మాత్రం ఆవిడ చక్కగా రాసుకుంది. తెలిసిన పనే రాసింది. మెషీను "మీకు ఎవరు కావాలి?" అంటుంది. కావలసిన డాక్టరుదో వార్డుదో పేరు కొడితే లోపలి నంబరు చూపిస్తుంది. తెలియని పేరు కొడితే, "ఆ పేరుతో ఎవరూ లేరు. మళ్ళీ చెప్పండి," అని మర్యాదగా అడుగుతుంది. ఆసుపత్రిలో ప్రతి నంబరూ అందులో ఉంది, సూదులు దాచే గది దగ్గర్నుంచి పెద్ద డాక్టరు గది దాకా. తన ఉద్యోగం ఊడబెరికే యంత్రం లాంటిదాన్నే తన చేత్తో రాసుకుంటోందని నాకు అనిపించింది.

మనిషి కోసం ముందు అన్నయ్యకి ఫోను చేసింది.

"ఆదివారం షాపు వదిలి ఎలా రానే? మీ వదినని అడుగు," అన్నాడాయన.

వదిన ఫోను అందుకుని, "నాకవేం తెలుసమ్మా, నలుగురిలో నవ్వులపాలవుతాను," అంది.

కింది వాటాలో ఉండే ఇల్లాలు తప్పకుండా వస్తానంది. శుక్రవారం చూస్తే వాళ్ళ తలుపుకి తాళం, ఊరెళ్ళారట. ఆఖరికి పిల్లల వార్డు నర్సుని అడిగింది. ఎన్నో ఏళ్ళుగా రోజూ మాట్లాడుకుంటారు, ఫోన్లోనే.

"అయ్యో మేడమ్, ఆదివారం నాకు డ్యూటీ," అందా నర్సు. కాస్త ఆగి, "అయినా మీరెలా ఉంటారో కూడా నాకు తెలీదు, విచిత్రంగా లేదూ," అని నవ్వింది.

శనివారం మధ్యాహ్నం దాకా అదీ పరిస్థితి. అప్పుడు మోకాళ్ళాయన ఫోను వచ్చింది.

మోకాళ్ళాయన అని ఆవిడ మనసులో పెట్టుకున్న పేరు. రోజూ మధ్యాహ్నం టీ వేళకి చేస్తాడు. మోకాళ్ళ డాక్టరుగారు వచ్చారా అంటాడు. వచ్చారండీ, కలపమంటారా అంటే, ఇప్పుడొద్దులెండి, రేపు చేస్తానంటాడు. ఎండ గురించో వాన గురించో ఒక ముక్క అని పెట్టేస్తాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆయన్ని ఒక్కసారి కూడా డాక్టరుకి కలిపింది లేదు. ఆసుపత్రి లైన్లో సొంత కబుర్లు ఆడకూడదని ఆవిడ నియమం, అందుకే వానకి 'అవునండీ', ఎండకి 'అవునండీ' తప్ప ఇంకో మాట అనేది కాదు.

ఆరోజు ఆయన అడిగాడు. "మోకాళ్ళ డాక్టరుగారు వచ్చారా అమ్మా?"

"వచ్చారండీ," అంది ఆవిడ. కలపమంటారా అనలేదు. ఏం అనాలో తెలియక నీళ్ళు నమిలింది. చెవిలో లైను చప్పుడు ఒక్కటే.

"హలో? అమ్మా? లైను పోయిందా?"

ఇంకొక్క క్షణం ఆగితే ఆయన ఫోను పెట్టేసేవాడు. ఎవరైనా అంతే చేస్తారు.

"పోలేదండీ, ఉన్నాను," అంది. "మిమ్మల్ని ఒకటి అడగనా? రేపు పొద్దున మీకేమైనా పనుందా?"

ఇదంతా ఆ సాయంత్రం ల్యాబుకి వచ్చినప్పుడు ఆవిడే నాతో చెప్పింది.

ఆదివారం పొద్దున ల్యాబులో పెళ్ళిసందడి. తల్లులూ తమ్ముళ్ళూ స్నేహితులూ బల్లల ముందు కూర్చుంటే, రాసినవాళ్ళు గోడకి అతుక్కుని గుటకలు మింగుతున్నారు. ఆపరేటరమ్మ ఉతికి ఇస్త్రీ చేసిన చీరలో ఒక మూల నిలబడింది. తన సీటు ఖాళీ, పక్క సీటు ఎలాగూ ఖాళీ. సారు ఒక్కొక్క బల్లా చూసుకుంటూ వస్తున్నాడు. ఆవిడ గుమ్మం వైపు చూడకూడదని చాలా కష్టపడుతోంది. నేను మాత్రం కాలు గాలిన పిల్లిలా మెట్ల దాకా వెళ్తూ వస్తూ ఉన్నాను. లిఫ్టు ఆదివారాలు పనిచేయదు, మా ల్యాబు అన్నిటికన్నా పై అంతస్తులో. మోకాళ్ళ జబ్బు మనిషి ఎక్కలేక కింద నుంచే తిరిగి వెళ్ళిపోతాడేమోనని నా భయం.

అంతలో తెల్లచొక్కా వేసుకున్న పొడుగాటి ముసలాయన గబగబా మెట్లెక్కి వచ్చాడు. ఆయాసం లేదు, మెట్ల పక్క గోడ పట్టుకోవడం లేదు. ఆయన మోకాళ్ళు నా మోకాళ్ళకన్నా బాగున్నాయి.

"ఇక్కడ ఆసుపత్రి ఆపరేటరుగారని..." అన్నాడు గుమ్మంలో నిలబడి. అందరి ముఖాలూ వెతుకుతున్నాడు. ఆవిణ్ణి దాటి వెళ్ళిపోయాయి ఆయన కళ్ళు.

"నమస్కారం," అంది ఆవిడ.

ఆయన చటుక్కున అటు తిరిగాడు. "మీరా," అన్నాడు. ఆవిడ ఆయన మోకాళ్ళ వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. ఈ ఒక్క విషయంలో ఇద్దర్లో ఎవరిది ఎక్కువ సిగ్గో నేను తేల్చలేను.

సారు వచ్చి రూల్సు చెప్పాడు. ఆవిడ వెళ్ళి గోడకి ఆనుకుంది. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. డెలివరీ వ్యాను నడిపి రిటైరైన మనిషట, కీబోర్డు తాకడం అదే మొదటిసారి. తెర మీద ఆవిడ మాటలు వచ్చాయి.

నమస్కారం, ఆసుపత్రి. మీకు ఎవరు కావాలి?

ఆవిడ ముఖంలో ధైర్యం కనిపించింది. ఎందుకో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రమంతా కూర్చుని ఆ ప్రోగ్రామ్‌లో మోకాళ్ళ డాక్టర్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ ఎక్కించి పెట్టింది. మోకాలు, మోకాళ్ళు, ఎముకలు, కీళ్ళు, చివరికి తప్పు స్పెల్లింగులు కూడా. ఆయన ఏం కొట్టినా నంబరు రావలసిందే.

ఆయన ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. 'ఆపరేటర్'.

ఆ పేరుతో ఎవరూ లేరు. మళ్ళీ చెప్పండి.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, అక్షరం అక్షరం సరిచూసుకుంటూ మళ్ళీ కొట్టాడు. 'ఆపరేటర్'.

ఆ పేరుతో ఎవరూ లేరు. మళ్ళీ చెప్పండి.

ల్యాబులో చప్పుడు తగ్గింది. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మాట్లాడకూడదు. అంతమంది డాక్టర్లనీ వార్డులనీ, సూదుల గదిని కూడా ఎక్కించిన మనిషికి తనని ఎక్కించాలని తోచలేదు. తోచడానికి, అన్నేళ్ళలో ఆపరేటర్ కావాలని ఆసుపత్రికి ఫోను చేసినవాళ్ళెవరు? అందరికీ ఇంకెవరో కావాలి. ఆవిడ అందరూ దాటి వెళ్ళే గుమ్మం మాత్రమే.

"డాక్టరు పేరు కొట్టి చూడండి, వస్తుంది," అన్నాడు సారు మెల్లగా.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "డాక్టరు నాకెందుకు బాబూ? ఎవరు కావాలని అడిగింది. ఇన్నాళ్ళకి నిజం చెప్పాను."

మూడోసారి కొట్టాడు. మూడోసారీ అదే జవాబు.

సారు ఆవిడ వైపు తిరిగాడు. "మీ ప్రోగ్రామ్ ఆగిపోలేదు, తప్పు నంబరూ ఇవ్వలేదు. కానీ వచ్చినాయన పని కాలేదు కదండీ. సరిచేయండి, మళ్ళీ చూస్తాను. ఒక్క లైనే."

ఆవిడ వచ్చింది. ఆయన లేచి, పక్కనున్న చచ్చిన మెషీను ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చోవడం ఆ బ్యాచ్‌కి అదే మొదలు. ఆవిడ ప్రోగ్రామ్ తెరిచి, నంబర్లన్నిటి కింద కొత్త లైను మొదలుపెట్టింది. ఆపరేటర్ అని రాసింది. అక్కడ ఆగింది.

ఆసుపత్రిలో ఆపరేటర్ నంబరు సున్నా. వచ్చే ఒకటో తారీఖు నుంచి సున్నాకి కొత్త యంత్రమే పలుకుతుంది. ఆ నంబరు రాస్తే అబద్ధం రాసినట్టే. మరి ఏం రాయాలి? తెల్లటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. వేళ్ళు కీబోర్డు మీద కదలడం లేదు.

"ఏమైందండీ, ఆగిపోయిందా?" అన్నాడు ముసలాయన నాతో.

"ఆగలేదండీ. ఆవిడ కోసం చూస్తోంది," అన్నాను.

ఆవిడ విన్నది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కకి తిరిగి, ఇన్నాళ్ళూ ఆ మెషీనుకి చెప్పిన గొంతుతోనే ఆయనకి చెప్పింది.

"ఇక్కడ మీరడిగిన పేరు పెట్టానండీ. దీనికి ఎదురుగా నంబరు వేస్తున్నాను. ఇది ఆసుపత్రిది కాదు."

వేసింది. ఆసుపత్రి లోపలి నంబర్లన్నీ చిన్నవి. ఇది పొడుగ్గా ఉంది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన మళ్ళీ ముందు కుర్చీలోకి మారి, నాలుగోసారి ఆ పేరు కొట్టాడు. నంబరు వచ్చింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు. రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో తెరతో పోల్చి చూసుకున్నాడు. అప్పుడు ఆవిడ ఏడ్చింది. అందరిముందూ, దాచుకోకుండా. సారు తల వంచుకుని పాస్ అని రాసుకున్నాడు.

తర్వాత ఆసుపత్రిలో ఆవిడకి కంప్యూటర్ విభాగంలో కుర్చీ ఇచ్చారు. చల్లటి గది, ఎవరూ ఎవరితో మాట్లాడరట. సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది. "సాయంత్రం దాకా గొంతు వాడను. అది సాయంత్రానికి పనికొస్తుంది," అని ముందుపళ్ళ సందు కనిపించేలా నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ రాలేదు. రావలసిన పనేముంది?

కొత్త బ్యాచ్ వచ్చే ముందు పాత బ్యాచ్ రాసినవన్నీ మెషీన్లలోంచి తుడిచేయాలి. అదీ నా పనే. అన్నీ తుడిచాను, చివరి బల్ల మీదది తప్ప. పక్క మెషీను ఇంకా బాగుచేయించలేదు. ఎప్పుడైనా క్లాసయ్యాక ఆ పక్క కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి ఆవిడ ప్రోగ్రామ్ నడిపిస్తాను. నమస్కారం, మీకు ఎవరు కావాలి అంటుంది. చాలాసార్లు ఏమీ కొట్టకుండానే ఆర్పేసేవాణ్ణి.

మొన్నొక సాయంత్రం మాత్రం ఆపరేటర్ అని కొట్టాను. నంబరు వచ్చింది. ఆఫీసు గది తీసి, అక్కడి ఫోను నుంచి చేశాను. ఆవిడ ఎత్తితే ఏం అనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను, నేనమ్మా, తాళాలాయన్ని అని.

ఎంగేజ్ వచ్చింది. కాసేపాగి మళ్ళీ చేశాను. మళ్ళీ ఎంగేజే. నాకు కోపం రాలేదు. ఫోను పెట్టేసి, మెషీన్లన్నీ ఆర్పి, తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాను.